పాత కారు, ఇద్దరి ఖాతా

ఇంటి ఖర్చుల గురించి ఈ శీర్షికలో మేము పలుమార్లు ముచ్చటించాము. ఇంటి అద్దె, పిల్లల ఫీజులు, పెద్దల మందులు అనివార్యమైన ఖర్చులు. వాటి విషయంలో దంపతుల మధ్య భేదాభిప్రాయం తలెత్తినా ఎక్కువ కాలం నిలవదు. అక్కడ అవసరమే తీర్పు చెబుతుంది. ముచ్చట కోసం చేసే ఖర్చు అటువంటిది కాదు. ఒకరికి ప్రాణప్రదమైనది మరొకరికి వృథాగా తోచవచ్చు. ఆ మాట పైకి అనకుండా మనసులో దాచుకుంటే, అది ఏళ్ళ తరబడి ఇంట్లో చల్లారని నిప్పుగా మిగిలిపోతుంది. ఈ నెల అటువంటి ఒక ముచ్చటను గురించి, అంటే పాత కారును కొని కొద్దికొద్దిగా బాగుచేసుకోవడాన్ని గురించి, మా నాలుగేళ్ళ అనుభవాన్ని పాఠకుల ముందు ఉంచదలచాము.

మా బండి 1982 నాటి ప్రీమియర్ పద్మిని. నలభై ఏళ్ళు దాటిన పాఠకులకు దీనిని పరిచయం చేయనక్కరలేదు. మన ఊళ్ళలో దీనిని ఎవరూ పూర్తి పేరుతో పిలవలేదు, అందరికీ అది ‘ఫియట్ కారు’. ఇటలీకి చెందిన ఫియట్ 1100 నమూనాను ప్రీమియర్ ఆటోమొబైల్స్ సంస్థ బొంబాయిలోని కుర్లా కర్మాగారంలో తయారుచేసేది. 1964లో ఫియట్ 1100 డిలైట్ అన్న పేరుతో వచ్చిన నమూనాయే తరువాతి దశాబ్దంలో ప్రీమియర్ పద్మినిగా స్థిరపడింది. ఆనాడు కారు కొనడానికి డబ్బు ఒక్కటే సరిపోయేది కాదు. పేరు నమోదు చేయించుకుని సంవత్సరాల తరబడి వేచి ఉండవలసి వచ్చేది. ముంబయి నగరంలో నలుపు పసుపు టాక్సీగా దశాబ్దాల పాటు తిరిగి, 2023 అక్టోబరు చివరలో అక్కడి రోడ్ల నుండి సెలవు తీసుకున్నది కూడా ఈ బండే.

1089 సీసీ ఇంజిను, స్టీరింగు పక్కనే గేరు కడ్డీ, వెనుక వైపు కమాన్ పట్టీలు, నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులు. ఇదీ దాని స్వరూపం. ఇందులో కంప్యూటరు లేదు. బానెట్ ఎత్తితే ప్రతి భాగమూ కంటికి కనబడుతుంది, చేతికి అందుతుంది. ఏది చెడిపోయిందో మిస్త్రీ చూపిస్తే మనకూ అర్థమవుతుంది. ఇటువంటి బండిని దంపతులు కలిసి బాగుచేసుకోగలగడానికి మొదటి కారణం ఇదే. అర్థం కాని యంత్రం విషయంలో నిర్ణయాలు ఒకరి చేతిలోకి వెళ్ళిపోతాయి. అర్థమయ్యే యంత్రం ముందు ఇద్దరూ సమానులే.

కొనక ముందు కుదిరిన ఒప్పందం

మాలో ఒకరికి ఈ కారంటే చిన్ననాటి నుండి మక్కువ. మరొకరికి అది తుప్పు పట్టిన ఇనుము. ఈ తేడాను దాచుకోకుండా, బండిని చూడటానికి వెళ్ళక ముందే కూర్చుని నాలుగు మాటలు రాసుకున్నాము.

మొదటిది, వడ్డీకి తెచ్చిన ఒక్క రూపాయి కూడా ఈ బండిపై పెట్టరాదు. పాత బండ్లకు బ్యాంకు అప్పు దొరకడం ఎలాగూ కష్టమే. క్రెడిట్ కార్డు వాయిదాలు, చేబదుళ్ళు కూడా వద్దనుకున్నాము. రెండవది, నెలకు 4,000 రూపాయలు మాత్రమే బండికి కేటాయించాలి. ఒక నెల వాడనిది మరుసటి నెలకు చేరుతుంది కానీ, వచ్చే నెల డబ్బును ముందుగా వాడుకోరాదు. మూడవది, ప్రతి ఖర్చునూ ఒక నోటు పుస్తకంలో రాసి ఇద్దరూ సంతకం చేయాలి.

నాలుగవది అన్నిటికంటే ముఖ్యమైనది. అందం కోసం, సౌకర్యం కోసం చేసే పనిని ఇద్దరిలో ఎవరు వద్దన్నా ఆపివేయాలి. ప్రాణభద్రతకు సంబంధించిన పనిని మాత్రం ఇద్దరిలో ఏ ఒక్కరు కావాలన్నా చేయించి తీరాలి. అక్కడ రెండవ వారి అంగీకారంతో నిమిత్తం లేదు. ఈ నియమం లేకపోతే మా ముచ్చట మొదటి సంవత్సరంలోనే ముగిసిపోయి ఉండేదని మా నమ్మకం.

మరొక విషయం కూడా ఇక్కడే చెప్పాలి. ఇల్లాలి సంపాదన, ఆమె మెహర్, పుట్టింటివారు ఇచ్చినది ఆమె సొంతం. భర్తకు దానిపై హక్కు లేదు. ఈ సూత్రం అందరికీ తెలిసినదే అయినా, ముచ్చట్ల దగ్గరికి వచ్చేసరికి ‘మనది, మనది’ అన్న తియ్యని మాటలో అది కరిగిపోతుంటుంది. ఆమె ఈ బండికి డబ్బు ఇస్తే అది బహుమానమా, అప్పా, వాటాయా అన్నది ఇచ్చిన రోజే తేల్చుకుని రాసుకోవాలి. ఋణాలను రాసుకోవాలన్న దివ్యోపదేశం బజారు వ్యవహారాలకే పరిమితం కాదు. బండి ధర 85,000 రూపాయలలో 30,000 ఆమె వాటాగా మా పుస్తకం మొదటి పేజీలోనే ఉన్నది. ఆర్సీలో ఒకరి పేరు ఉన్నది కనుక రెండవ వారిని నామినీగా నమోదు చేయించాము. వాహన యజమాని తన తదనంతరం బండి ఎవరి పేరుకు మారాలో ఆర్సీలో సూచించే వీలు 2021 నుండి చట్టంలో ఉన్నది. చాలామంది ఈ సదుపాయాన్ని వినియోగించుకోరు.

కాగితాలు, అయస్కాంతం

పాత బండిని చూడటానికి వెళ్ళినవారు ముందుగా దాని రంగును చూస్తారు. మేము కాగితాలను చూశాము. ఆర్సీలో ఉన్న ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు బండిపై చెక్కిన వాటితో అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి. పాత బండ్లకు ఎప్పుడో ఇంజిను మార్చి, దానిని ఆర్సీలో నమోదు చేయించకుండా వదిలేసే అలవాటు ఉన్నది. అటువంటి బండి ఎంత చవకగా వచ్చినా కొనరాదు. బండి వేరే రాష్ట్రానిదైతే అక్కడి రవాణా శాఖ నుండి నిరభ్యంతర పత్రం తెచ్చే బాధ్యత ఎవరిదో ధర తేల్చకముందే మాట్లాడుకోవాలి.

కాగితాల తరువాత బాడీ. ఈ బండికి విడిగా ఛాసిస్ చట్రం ఉండదు. బాడీయే దాని అస్థిపంజరం. కనుక తలుపుల కింద ఉండే పొడవాటి పెట్టె భాగాలు, కాళ్ళు పెట్టుకునే నేల రేకు తుప్పుపడితే అది అందానికి సంబంధించిన లోపం కాదు, బలానికి సంబంధించిన లోపం. మేము ఒక చిన్న అయస్కాంతాన్ని పలుచని గుడ్డలో చుట్టి తీసుకువెళ్ళాము. రేకు ఉన్నచోట అది అంటుకుంటుంది. తుప్పు తిన్న భాగాన్ని లప్పంతో నింపి రంగు వేసినచోట జారిపోతుంది. వెనుక చక్రాల పైభాగంలో, కుడివైపు తలుపు కింద అది జారింది. అమ్మే పెద్దమనిషి దానిని దాచలేదు. ఆ మేరకు ధర తగ్గించారు. పాత బండిలో లోపం ఉండడం సహజం. ఎంత లోపమో తెలిసి కొనడమే ముఖ్యం.

మొదటి సంవత్సరం: ఆగడం

బండి ఇంటికి వచ్చిన నెలకే మా ఒప్పందానికి పరీక్ష ఎదురైంది. పండుగకు ఇంకా రెండు నెలలు ఉన్నది. కొత్త రంగు వేయించి, ఈద్ నాడు పిల్లలతో బంధువుల ఇళ్ళకు అందులోనే వెళ్ళాలని మాలో ఒకరి కోరిక. దానిలో తప్పేమీ లేదు. పిల్లలు కూడా అదే పాట పాడారు. మరొకరు మాత్రం, బ్రేకులు విప్పి చూడనిదే పిల్లలను అందులో కూర్చోబెట్టనని తేల్చిచెప్పారు. ఇంట్లో రెండు రోజులు మాటలు తగ్గాయి.

విజయవాడ ఆటోనగర్‌లోని మా మిస్త్రీ ఈ బండ్లతోనే పని నేర్చిన పెద్దాయన. మేము ఆయనను చాచా అని పిలుస్తాము. చక్రాలు విప్పి, లోపలి పరిస్థితి మా ఇద్దరికీ చూపించి, “రంగుదేముంది బేటీ, ఎప్పుడైనా వేసుకోవచ్చు. ముందు బండికి ఆగడం నేర్పిద్దాం, తర్వాత ముస్తాబు చేద్దాం” అన్నారు. రెండు చక్రాల సిలిండర్ల నుండి బ్రేక్ ద్రవం కారుతున్నది. రబ్బరు గొట్టాలు వేలితో వంచితే బీటలు వారుతున్నాయి. నాలుగవ నియమం ప్రకారం ఇక చర్చకు తావు లేకపోయింది. ఆ పండుగకు మేము ఆటోలోనే వెళ్ళాము.

బ్రేకుల విషయంలో దంపతులు గుర్తుంచుకోదగినవి రెండున్నాయి. బ్రేక్ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. బండి తిరిగినా తిరగకపోయినా రెండేళ్ళకొకసారి దానిని మార్చాలి. రెండవది, పాతకాలపు బ్రేక్ షూలకు ఆస్బెస్టాస్ కలిసిన లైనింగు వాడేవారు. డ్రమ్ములో పేరుకున్న ధూళిని గాలి పంపుతో ఊదడం అలవాటైన పనే కానీ, ఆ ధూళి ఊపిరితిత్తులకు హానికరం. తడిపి, గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను పారవేయాలి. పిల్లలను ఆ దరిదాపులకు రానివ్వరాదు.

తరువాత టైర్లు. చూపుకు అవి కొత్తవే. అయితే టైరు పక్కగోడపై నాలుగు అంకెల ముద్ర ఉంటుంది. మొదటి రెండూ వారాన్ని, చివరి రెండూ సంవత్సరాన్ని సూచిస్తాయి. 2310 అని ఉంటే 2010వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. గీతలు అరగకపోయినా రబ్బరు ముసలిదవుతుంది. స్టెప్నీతో సహా ఐదూ మార్చాము. చివరగా సీటు బెల్టులు. ఆ కాలపు బండ్లకు అవి ఉండేవి కావు. పలుచని రేకుకు బోల్టు బిగిస్తే ప్రమాద సమయంలో ఆ బోల్టే ఊడివస్తుంది. కనుక లోపలి నుండి దళసరి ఇనుప పలక అతికించి, దానికి బెల్టులు బిగించారు. ఈ పనులతో పాటు స్టీరింగు కీళ్ళు మార్చడం కూడా కలిపి మొదటి సంవత్సరం ఖర్చు 41,000 రూపాయలు. బండి చూడటానికి ఏమీ మారలేదు. పొరుగువారు “ఇంకా బాగు చేయించలేదా?” అని అడిగేవారు.

రెండవ సంవత్సరం: ఆగిపోకుండా తిరగడం

ఆగగలిగే బండికి తరువాతి గుణం మధ్యదారిలో నిలిచిపోకపోవడం. కృష్ణా తీరపు వేసవిలో పాత ఇంజినుకు మొదటి శత్రువు వేడి. రేడియేటరును విప్పించి లోపలి గొట్టాలను శుభ్రం చేయించాము. నీటి పంపు, ఫ్యాను బెల్టు, రబ్బరు హోసులు మార్పించాము.

ఇంధనం విషయంలో నేటి పరిస్థితి వేరు. మన దేశంలో సీసం కలిసిన పెట్రోలు 2000 సంవత్సరంలో ఆగిపోయింది. అంతకు ముందరి ఇంజిన్లలో వాల్వులు ఆనుకునే భాగాలకు ఆ సీసమే కొంత రక్షణగా ఉండేది. కనుక ఇంజిను హెడ్డు విప్పినప్పుడు గట్టి లోహపు సీట్లు వేయించుకోవడం మంచిది. ఇప్పుడు పెట్రోలులో ఇరవై శాతం వరకు ఇథనాల్ కలుస్తున్నది. ఇథనాల్ నీటిని ఆకర్షిస్తుంది. పాతకాలపు రబ్బరు గొట్టాలను, కార్బురేటరులోని వాషర్లను మెత్తబరుస్తుంది. గొట్టం పగిలి వేడి ఇంజినుపై పెట్రోలు కారితే నిప్పు అంటుకోవచ్చు. అందుచేత ఇథనాల్‌ను తట్టుకునే గొట్టాలు వేయించి, ట్యాంకును లోపల శుభ్రం చేయించాము. నెలల తరబడి పెట్రోలును ట్యాంకులో నిలవ ఉంచము. వారానికొకసారైనా బండిని పది కిలోమీటర్లు తిప్పుతాము.

వైరింగు కూడా అటువంటిదే. నలభై ఏళ్ళలో ఎందరెందరో చేతులు పడి, తీగలపై టేపులు చుట్టి ఉన్నాయి. మొత్తం తీయించి కొత్త తీగలు, సరైన ఫ్యూజుల పెట్టె అమర్పించాము. డ్రైవరు సీటు కింద చిన్న అగ్నిమాపక సిలిండరు ఉంచాము. ఈ సంవత్సరం ఖర్చు 38,500 రూపాయలు.

ఈ సంవత్సరమే మాలో బండిని ఇనుమన్నవారు దానిని నడపడం నేర్చుకున్నారు. స్టీరింగు పక్క గేరు మొదట్లో చేతికి లొంగలేదు. ఒక నెలలో అలవడింది. దంపతులు కలిసి బండి కొన్నామని చెప్పుకుంటారు కానీ, తాళం చెవి ఒకరి జేబులోనే ఉంటుంది. ఇద్దరూ నడపని బండి ఇద్దరిదీ కాదు. నడపడం మొదలైన తరువాత ఆమె నోటి వెంట ‘మీ కారు’ అన్న మాట పోయి ‘మన బండి’ అన్న మాట వచ్చింది. నోటు పుస్తకంలో ఆ మార్పుకు ఖర్చు ఏమీ నమోదు కాలేదు.

మూడు, నాలుగు సంవత్సరాలు: తుప్పు, రంగు

మూడవ సంవత్సరం టింకరింగ్ పని. తుప్పు తిన్న నేల రేకును, తలుపుల కింది పెట్టె భాగాలను కోసి, కొత్త రేకు వెల్డింగు చేశారు. లప్పంతో పూడ్చితే పావు వంతు ఖర్చుతో అయిపోయేది. రెండు వానాకాలాలలో తుప్పు మళ్ళీ పైకి వచ్చేది. దీనికి 46,000 రూపాయలు అయినది.

నాలుగవ సంవత్సరం రంగు. ఇక్కడ నాలుగవ నియమం రెండవ వైపు నుండి పనిచేసింది. ఒకరు ముదురు ఎరుపు కోరారు, మరొకరు వద్దన్నారు. ఎరుపు ఆగిపోయింది. ఆర్సీలో ఉన్న పాలమీగడ రంగే తిరిగి వేయించాము. రంగు మారిస్తే ఆర్సీలో మార్పు చేయించవలసి ఉంటుంది, ఆ శ్రమా తప్పింది. ఈ సంవత్సరం 52,000 రూపాయలు.

నాలుగేళ్ళలో నెలకు 4,000 చొప్పున కేటాయించినది 1,92,000. ఖర్చయినది 1,77,500. మిగిలినది 14,500. కొన్న ధరతో కలిపితే బండిపై పెట్టినది 2,62,500 రూపాయలు. బీమాను, రిజిస్ట్రేషన్ రుసుములను ఇందులో చేర్చలేదు. వాటిని ఇంటి మామూలు ఖర్చులలో రాసుకున్నాము. నేడు ఈ బండిని అమ్మితే అంత మొత్తం వస్తుందని మేము ఆశించడం లేదు. లాభం కోసం కొనదలచిన వారికి ఈ మార్గాన్ని సూచించము.

చట్టం చెప్పేది

సొంత వాడకపు కారుకు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ళు. ఆ తరువాత బండిని తనిఖీ చేయించి ఐదేళ్ళకొకసారి పునరుద్ధరించుకోవాలి. 600 రూపాయలుగా ఉన్న ఈ రుసుము 2022 ఏప్రిల్ నుండి 5,000 అయినది. ఇరవై ఏళ్ళు దాటిన కార్లకు 2025 ఆగస్టులో దానిని 10,000కు పెంచారు. దీనికి తోడు రాష్ట్రాలు విధించే హరిత పన్ను ఉంటుంది. ఢిల్లీ పరిసర ప్రాంతంలో పదిహేనేళ్ళు దాటిన పెట్రోలు బండ్లపై ఆంక్షలు ఉన్నాయి. అక్కడ స్థిరపడిన మన తెలుగువారు కొనే ముందే విచారించుకోవాలి.

యాభై ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉన్న బండ్లకు వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇచ్చే నిబంధనలు 2021లో వచ్చాయి. నంబరు పలకపై ‘వీఏ’ అన్న అక్షరాలు వస్తాయి. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు, చెల్లుబాటు పదేళ్ళు. అయితే ఆ బండిని నిత్యం వాడుకోరాదు. మా బండికి ఆ అర్హత 2032లో గానీ రాదు. అప్పటికి తీసుకోవాలా వద్దా అన్నది అప్పుడే ఆలోచిస్తాము. అందాకా తీసివేసిన పాత అసలు భాగాలను, పనికిరానివైనా సరే, ఒక పెట్టెలో పేర్లు రాసి భద్రపరుస్తున్నాము.

దంపతులకు మా మాట

ఇది కారుకే పరిమితమైన విషయం కాదు. ఇల్లు బాగుచేసుకోవడం, పెరటి తోట, ఒకరి కుట్టు మిషను, మరొకరి పుస్తకాల బీరువా, ఏ ముచ్చటకైనా ఇదే వర్తిస్తుంది. ముచ్చట ఒకరిదైనా, దాని ఖర్చు ఇద్దరి బతుకుల నుండే వస్తుంది. కనుక మొదలుపెట్టక ముందే మూడు ప్రశ్నలు వేసుకోవాలి. నెలకు ఎంత? ఏ పని ముందు, ఏ పని తరువాత? ఎవరి ‘వద్దు’ ఎక్కడ చెల్లుతుంది, ఎవరి ‘కావాలి’ ఎక్కడ చెల్లుతుంది? మొదటి రెండింటికీ జవాబు చెప్పగల దంపతులు చాలామంది ఉన్నారు. మూడవ ప్రశ్నను దాటవేస్తారు. అలా దాటవేసినప్పుడు ఇంట్లో గొంతు పెద్దదైనవారి మాటే చెల్లుతుంది, రెండవవారు మౌనంగా లెక్కపెట్టుకుంటూ ఉంటారు. ఆ మౌనపు లెక్క ఏ నోటు పుస్తకంలోనూ కనబడదు. దానికంటే, ఇద్దరి సంతకాలతో ఉన్న రెండు రూపాయల పెన్ను గీత ఎంతో మేలు.

వచ్చే సంచికలో, ఇన్షా అల్లాహ్, పిల్లల చేతికి జేబు ఖర్చు ఏ వయసు నుండి, ఎంత, ఏ షరతులతో ఇవ్వాలన్న విషయాన్ని ముచ్చటిద్దాము.